పోస్టల్ బ్యాలెట్: దొంగ ఓటు భయం ఒకటి, పోయిన ఓటు భయం ఇంకొకటి

ఈ ఎపిసోడ్‌ని ఒక ఫోన్ కాల్‌తో మొదలుపెడతాను.

2024 మే నెలాఖరు. మా నాన్న ప్రభుత్వ హైస్కూల్లో లెక్కల మాస్టారు. ఎన్నికల డ్యూటీ పడింది కాబట్టి 13వ తారీఖు పోలింగ్‌కి వారం ముందే, ఫెసిలిటేషన్ సెంటర్‌కి వెళ్ళి పోస్టల్ బ్యాలెట్ వేసొచ్చారు. నెలాఖర్లో ఒకరోజు రాత్రి ఫోన్ చేసి, "ఒరేయ్, ఆరోజు ఆ ఆఫీసరు నా ఫారం మీద సీల్ వేశాడో లేదో గుర్తు రావట్లేదురా. టీవీలో ఏమో సీల్ లేకపోతే ఓటు చెల్లదంటున్నారు" అన్నారు. నేను నవ్వాను. ఆయన నవ్వలేదు. ముప్పై ఏళ్ళ సర్వీసులో ఎన్నో ఎన్నికలు జరిపించిన మనిషి. ఊళ్ళో అందరి ఓట్లూ జాగ్రత్తగా పెట్టెలో వేయించి, తన ఓటు మాత్రం ఏమైందో తెలియక కూర్చున్నాడు.

ఆ రోజు నాకు సమాధానం తెలియదు. తర్వాత కూర్చుని చదివాను. చదివినదంతా ఇవాళ చెప్తాను. కామెంట్లలో చాలామంది అడిగే "పోస్ట్‌లో ఓటు అంటే మోసానికి గేట్లు తెరవడం కదా బ్రో" అన్న ప్రశ్నకి కూడా ఇందులోనే వస్తాను.

ముందు మన దేశంలో ఇది ఎవరికుందో చూద్దాం. ఎన్నికల డ్యూటీ ఉద్యోగులు, సైన్యం లాంటి సర్వీస్ ఓటర్లు, 85 ఏళ్ళు దాటినవాళ్ళు, కనీసం 40 శాతం వైకల్యం ఉన్నవాళ్ళు, అత్యవసర సేవలని నోటిఫై చేసిన కొన్ని శాఖలవాళ్ళు, ముందస్తు నిర్బంధంలో ఉన్నవాళ్ళు. ముఖ్యంగా వీళ్ళకే. బెంగళూరులో ఉద్యోగం చేస్తూ ఓటు కోసం ఒంగోలు బస్సెక్కే మీకూ నాకూ లేదు. గల్ఫ్‌లోనో అమెరికాలోనో ఉన్న ఇండియన్ పాస్‌పోర్ట్ వాళ్ళు ఓటరుగా నమోదు కావచ్చు, కానీ ఓటు వేయాలంటే విమానమెక్కి వచ్చి సొంత బూత్‌లోనే వేయాలి.

ఇప్పుడు కవర్ల సంగతి. నేను ఐదేళ్ళు బ్యాకెండ్ కోడ్ రాసినవాణ్ణి కాబట్టి ఇది చూడగానే ముచ్చటేసింది. నిజంగా మంచి డిజైన్.

ఓటరుకి బ్యాలెట్ పేపర్‌తో పాటు మూడు వస్తువులు ఇస్తారు. ఒకటి ఫామ్ 13ఎ, అది డిక్లరేషన్. "ఈ బ్యాలెట్ వేసింది నేనే" అని ఓటరు సంతకం పెడతాడు, "ఈయన నా ఎదుటే సంతకం పెట్టాడు" అని ఒక అధికారి కింద అటెస్ట్ చేస్తాడు. రెండోది 13బి, చిన్న కవరు. మార్క్ చేసిన బ్యాలెట్ అందులో పెట్టి అంటించేస్తారు. మూడోది 13సి, పెద్ద కవరు. డిక్లరేషనూ, అంటించిన చిన్న కవరూ రెండూ దాన్లోకి వెళ్తాయి.

ఎందుకింత హడావిడి అంటే, రెండు పనులు ఒకేసారి జరగాలి. ఓటేసింది అసలు మనిషేనా అని చూడాలి. అదే సమయంలో ఆ మనిషి ఎవరికేశాడో ఎవరికీ తెలియకూడదు. బూత్‌లో అయితే ఈ రెండిటికీ రెండు బల్లలుంటాయి. ఒక దగ్గర గుర్తింపు కార్డు చూసి వేలికి సిరా పెడతారు, ఇంకో దగ్గర అట్ట వెనక మీరు ఒక్కరే. పోస్ట్‌లో వచ్చిన ఓటుకి ఆ రెండు బల్లల పని రెండు కాగితాలు చేయాలి.

లెక్కింపు రోజు ముందు పెద్ద కవరు తెరుస్తారు. 13ఎ చూస్తారు. అది లేకపోయినా, సంతకం లేకపోయినా, అటెస్టేషన్ లేకపోయినా, దాని మీది బ్యాలెట్ నంబరు చిన్న కవరు మీది నంబరుతో కలవకపోయినా, ఆ చిన్న కవరు తెరవకుండానే పక్కన పడేస్తారు. అన్నీ సరిగ్గా ఉంటే డిక్లరేషన్ వేరు చేసేసి, చిన్న కవర్లన్నీ కలిపి అప్పుడు తెరుస్తారు. ఒక్కసారి కలిపాక ఏ ఓటు ఎవరిదో దేవుడు కూడా చెప్పలేడు. రోల్‌బ్యాక్ లేదు. అంటే అనుమానం ఉంటే కవరు తెరవక ముందే తేలాలి. పోస్టల్ బ్యాలెట్ మీద వచ్చే ప్రతి గొడవా ఈ ఒక్క గీత దగ్గరే వస్తుంది. గీతకి ముందు గట్టిగా పట్టుకుంటే నిజమైన ఓట్లు పోతాయి. వదులుగా పట్టుకుంటే దొంగ ఓట్లు లోపలికొస్తాయి.

ఆంధ్రప్రదేశ్‌లో 2024లో జరిగింది కచ్చితంగా ఇదే. ఆ ఎన్నికల్లో పోస్టల్ బ్యాలెట్లు దాదాపు 5 లక్షలు. 175 నియోజకవర్గాలకి పంచితే ఒక్కోదానికి 2,800 పైమాట. చిన్న సంఖ్య కాదు. మడకశిరలో గెలుపు తేడా 351 ఓట్లు, అది గుర్తుపెట్టుకోండి. పోలింగ్ అయ్యాక తెలిసిందేమంటే, చాలా 13ఎల మీద అటెస్టింగ్ ఆఫీసరు సంతకమైతే ఉంది గానీ పేరు, హోదా, సీలు లేవు. సంతకం ఉండి మిగతావి లేకపోయినా చెల్లుబాటేనని ఎన్నికల అధికారులు లెక్కింపుకి కొద్ది రోజుల ముందు ఆదేశాలిచ్చారు. వైఎస్సార్సీపీ హైకోర్టుకెళ్ళింది. ఓట్లు పడ్డాక రూల్ మారుస్తారా అన్నది వాళ్ళ వాదన. ఎన్నికల ప్రక్రియ మధ్యలో జోక్యం చేసుకోం, అభ్యంతరం ఉంటే ఫలితాల తర్వాత ఎలక్షన్ పిటిషన్ వేసుకోండని జూన్ 1న హైకోర్టు చెప్పింది. జూన్ 3న సుప్రీంకోర్టు కూడా కాదంది. 4న లెక్కింపు. కూటమికి 164, వైఎస్సార్సీపీకి 11. ఆ అంకెలు చూసేసరికి సీలు గొడవ ఎవరికీ గుర్తులేకుండా పోయింది.

నాకు మాత్రం ఉండిపోయింది. ఇందులో రెండు వైపులా పాయింట్ ఉంది. సీలు వేయాల్సింది మా నాన్న కాదు. ప్రభుత్వమే పెట్టిన సెంటర్లో, ప్రభుత్వమే కూర్చోబెట్టిన ఆఫీసరు వేయాలి. ఆయన మర్చిపోతే ఓటు మా నాన్నది పోవాలా? మీరు యాప్‌లో ఆర్డర్ పెట్టి డబ్బు కట్టారు, సర్వర్ లాగ్ రాయడం మర్చిపోయింది, కాబట్టి మీ ఆర్డర్ క్యాన్సిల్ అంటే ఒప్పుకుంటారా? ఒప్పుకోరు. ఆ నిర్ణయం సరైనదేనని నా అభిప్రాయం. కానీ దాని టైమింగ్ మాత్రం అస్సలు బాగాలేదు. ఏది చెల్లుతుంది ఏది చెల్లదన్నది ఓటు పడకముందు తేలాలి. పడ్డాక తేలిస్తే, ఎంత న్యాయమైన నిర్ణయమైనా ఓడేవాడికి అన్యాయంగానే కనబడుతుంది. అది వాడి తప్పు కాదు.

సరే, సీలూ పేరూ అంత పనికిరానివైతే అసలు పెట్టడం ఎందుకు? దీనికి నాకు దొరికిన మంచి జవాబు అమెరికాలో ఉంది. నార్త్ కరోలినా. షార్లెట్, రాలీ వైపు మన తెలుగువాళ్ళు బోలెడుమంది కాబట్టి కొందరికి ఈ కథ తెలిసే ఉంటుంది. అక్కడ ఉద్యోగులు, సైనికులే కాదు, ఏ ఓటరైనా కారణం చెప్పకుండా పోస్ట్‌లో ఓటు వేయొచ్చు.

2018 నవంబరు. అమెరికా పార్లమెంటు దిగువ సభకి ఆ రాష్ట్రం 9వ డిస్ట్రిక్ట్‌లో రిపబ్లికన్ అభ్యర్థి మార్క్ హారిస్ 905 ఓట్ల ఆధిక్యంలో ఉన్నాడు. రాష్ట్ర ఎన్నికల బోర్డు ఆ ఫలితాన్ని ధ్రువీకరించడానికి ఒప్పుకోలేదు. కారణం బ్లేడెన్ కౌంటీ అనే పల్లెటూరి ప్రాంతం. అక్కడ పోస్ట్‌లో ఓటేసినవాళ్ళలో రిపబ్లికన్లుగా నమోదైనవాళ్ళు 19 శాతం. హారిస్‌కి ఆ పోస్టల్ ఓట్లలో వచ్చింది 61 శాతం. నమోదైన రిపబ్లికన్లందరూ వేసి, ఏ పార్టీ చెప్పుకోనివాళ్ళలో దాదాపు అందరూ వేసి, ఆపైన కొందరు డెమోక్రాట్లు కూడా వేస్తే తప్ప రాని అంకె అది. ఇది పట్టుకున్నది పోలీసులు కాదు. ఆ రాష్ట్రం ఏ ఓటరు బ్యాలెట్ అడిగాడు, ఎప్పుడు తిరిగొచ్చింది, చెల్లిందా లేదా అన్న డేటాను అందరికీ పెడుతుంది. ఎవరికి వేశాడన్నది మాత్రం కాదు. ఆ ఫైళ్ళు దించుకుని లెక్క వేసినవాళ్ళు పట్టుకున్నారు. పక్కనున్న రోబ్‌సన్ కౌంటీలో ఇంకో వింత. అడిగి తెప్పించుకున్న బ్యాలెట్లలో తిరిగిరానివి చాలా ఎక్కువ.

తర్వాత బయటికొచ్చింది. మెక్‌రే డౌలెస్ అనే స్థానిక పొలిటికల్ ఆపరేటర్, మన భాషలో గ్రౌండ్ లెవెల్ మేనేజర్, మనుషుల్ని పెట్టి ఇంటింటికీ తిప్పి బ్యాలెట్లు సేకరించాడు. దగ్గరి బంధువు కానివాళ్ళు అలా తీసుకెళ్ళడం అక్కడ నేరం. 2019 ఫిబ్రవరి విచారణలో ఆయన మాజీ భార్య కూతురే సాక్ష్యం చెప్పింది. ఖాళీగా వదిలేసిన చోట్ల కొన్ని తామే నింపామంది. సాక్షి సంతకాలు తామే పెట్టామంది. అనుమానం రాకుండా కొన్ని కొన్నిగా పోస్ట్ చేసేవాళ్ళమని, ఇంకు రంగు కలిసేలా చూసుకునేవాళ్ళమని, స్టాంపు వంకరగా అంటించినా డౌలెస్ ఊరుకునేవాడు కాదని చెప్పింది. తన పేరు మరీ ఎక్కువ కవర్ల మీద వచ్చేస్తోందని తన తల్లి పేరు కూడా సంతకం చేసిందట.

ఆ చివరి మాట దగ్గర ఆగండి. తన పేరు ఎక్కువసార్లు వస్తోందని ఎందుకు భయపడింది? అక్కడ పోస్టల్ కవరు మీద ఇద్దరు సాక్షులు సంతకం పెట్టాలి, లేదా నోటరీ కావాలి. జర్నలిస్టులు ఆ కవర్లు తిరగేస్తే అవే నాలుగైదు పేర్లు మళ్ళీ మళ్ళీ కనబడ్డాయి. సాక్షి సంతకం దొంగతనాన్ని ఆపలేదు, అది నిజం. కానీ దొంగ వేలిముద్ర వదిలేలా చేసింది. అభ్యర్థి కొడుకు ప్రభుత్వ న్యాయవాది, ఈ మనిషితో పెట్టుకోవద్దని ముందే చెప్పానని తండ్రి ఎదుటే సాక్ష్యం చెప్పాడు. మర్నాడు హారిస్ తనే కొత్త ఎన్నిక కావాలన్నాడు. బోర్డులో ఐదుగురూ సరేనన్నారు. సెప్టెంబరులో మళ్ళీ ఎన్నిక జరిగింది. డౌలెస్ మీద కేసులు నడుస్తుండగానే 2022లో చనిపోయాడు.

మా నాన్న ఫారం మీద ఆఫీసరు పేరు ఉండాల్సింది ఇందుకన్నమాట. రేపు ఎవరైనా "ఈ సెంటర్లో ఏదో జరిగింది" అంటే, ఏ ఆఫీసరు ఎన్ని అటెస్ట్ చేశాడో లెక్క తీయగలగాలి. పేరు లేని గీత సంతకంతో ఆ లెక్క తీయడం కష్టం. ఓటరుని శిక్షించొద్దు, నిజమే. మరి పేరు రాయని ఆఫీసరుని ఎవరైనా ఏమైనా అడిగారా?

అమెరికా పేరెత్తాక 2020 గురించి అడగకుండా ఉండరు. అక్కడ చాలామంది పోస్ట్‌లో ఓటేశారు, ట్రంప్ భారీ మోసం అన్నాడు. పదుల సంఖ్యలో కేసులు కోర్టుల్లో నిలబడలేదు. ఫలితాన్ని మార్చేంత మోసం తమకి కనబడలేదని ఆయన సొంత అటార్నీ జనరల్ విలియం బార్ చెప్పాడు. జార్జియా రాష్ట్రంలో కాబ్ కౌంటీలో 15 వేలకు పైగా పోస్టల్ కవర్ల సంతకాలు మళ్ళీ చూస్తే దొంగ ఓటు ఒక్కటీ దొరకలేదు. ఓటరుని పిలిచి సరిచేయించాల్సినవి రెండు దొరికాయి. అంటే మోసం జరగదని కాదు, బ్లేడెన్‌లో జరిగింది కదా. పెద్దగా చేయాలంటే చాలామంది చేతులు కావాలి, అన్ని చేతులుంటే ఎవరో ఒకరు నోరు విప్పుతారు. చిన్న తేడాతో తేలే సీటు దగ్గరే అసలు ప్రమాదం.

మన దగ్గర మోసం అంటే కవర్లు దొంగిలించడం కన్నా ఒత్తిడి. ఇది మా ఇంట్లో చూసిందే. ఇదివరకు డ్యూటీ ఉద్యోగి బ్యాలెట్‌ని ఇంటికి తీసుకెళ్ళొచ్చు, లెక్కింపు రోజు ఉదయం 8 గంటల లోపు చేర్చితే చాలు. మధ్యలో చాలా రోజులు. ఆ రోజుల్లో ఇంటికి ఎవరొస్తారో ఉద్యోగులకి తెలుసు. యూనియన్ నాయకుడొస్తాడు, పార్టీ మనిషొస్తాడు, "మాస్టారూ, బ్యాలెట్ ఒకసారి చూపించండి" అంటాడు. బూత్‌లో డబ్బు తీసుకుని ఇంకొకరికి వేసినా ఎవడికీ తెలియదు. ఇంట్లో బల్ల మీద కాగితం పెట్టుకున్నప్పుడు ఆ రక్షణ లేదు. అందుకే 2023 ఆగస్టులో ఎన్నికల నిర్వహణ నియమాలు మార్చి, డ్యూటీ ఉద్యోగులు ఫెసిలిటేషన్ సెంటర్లోనే ఓటేసి అక్కడే పెట్టెలో వేయాలన్నారు. మంచి మార్పు. అంటే మా నాన్న వేసిన "పోస్టల్" ఓటు అసలు పోస్టాఫీసు గడపే తొక్కలేదు, పేరొక్కటే మిగిలింది.

వృద్ధులకి ఇంటి దగ్గర ఓటు కూడా ఇలాంటిదే. అధికారులు, వీడియో కెమెరా, పోలీసు అందరూ ఇంటికొస్తారు. పార్టీల ఏజెంట్లూ రావచ్చు. మోసం జరక్కుండా ఇంతమంది. కానీ ఒకే గది ఉన్న ఇంట్లో, కొడుకూ కోడలూ గుమ్మంలో నిలబడి ఉంటే ఆ ముసలావిడ ఓటు ఎంత రహస్యం? కెమెరా దీన్ని పట్టుకోలేదు.

ఇక తిరస్కరణ. నా దృష్టిలో అసలు గాయం ఇక్కడుంది. గుజరాత్‌లో ధోల్కా అని ఒక నియోజకవర్గం. 2017 అసెంబ్లీ ఎన్నికల్లో బీజేపీ అభ్యర్థి భూపేంద్రసింహ్ చూడాసమా 327 ఓట్లతో గెలిచారు. అక్కడ పక్కన పెట్టేసిన పోస్టల్ బ్యాలెట్లు 429. తేడా కన్నా ఎక్కువ. ఇలాంటప్పుడు తిరస్కరించిన పోస్టల్ బ్యాలెట్లన్నీ మళ్ళీ పరిశీలించాలని ఎన్నికల సంఘం రూలుంది. ఓడిన కాంగ్రెస్ అభ్యర్థి కోర్టుకెళ్ళారు. ఆ 429నీ పక్కన పెట్టడం చట్టవిరుద్ధమని, మళ్ళీ పరిశీలించాల్సిన రూలునీ పాటించలేదని చెప్పి 2020 మేలో గుజరాత్ హైకోర్టు ఎన్నికనే రద్దు చేసింది. అప్పటికాయన రాష్ట్ర న్యాయశాఖ మంత్రి! కొద్ది రోజులకే సుప్రీంకోర్టు స్టే ఇచ్చింది. పదవీకాలం అలాగే గడిచిపోయింది. "అభ్యంతరం ఉంటే ఎలక్షన్ పిటిషన్ వేసుకోండి" అన్నమాట విన్నప్పుడల్లా నాకు ధోల్కా గుర్తొస్తుంది. హైకోర్టు తీర్పుకే రెండున్నరేళ్ళు.

2024 లోక్‌సభలో ముంబై నార్త్ వెస్ట్ ఇంకా దగ్గరగా నడిచింది. ఈవీఎం ఓట్లలో అమోల్ కీర్తికర్‌కి ఒక్క ఓటు ఆధిక్యం. పోస్టల్ కలిపేసరికి రవీంద్ర వాయ్‌కర్ 48 ఓట్లతో గెలిచారు. తొమ్మిది లక్షల ఓట్లు ఇద్దరూ పంచుకున్న చోట. అలాంటి సీట్లో ఒక సీలు, ఒక సంతకం, బ్యాలెట్ మీద పొరపాటున పడ్డ ఒక గుర్తు... మీరే ఊహించుకోండి.

ఒక మార్పు ఈ మధ్యనే వచ్చింది. పోస్టల్ ఓట్ల లెక్కింపు పూర్తయ్యాకే ఈవీఎంల చివరి ముందు రౌండు మొదలుపెట్టాలని 2025 సెప్టెంబరులో ఎన్నికల సంఘం చెప్పింది. అంతకు ముందు తేడా ఎంతో తెలిసిపోయాక పోస్టల్ కవర్లు తేల్చే అవకాశం ఉండేది. 48 ఓట్లు కావాలని తెలిసినప్పుడు ఒక్కో కవరు మీద వాదన ఎలా ఉంటుందో చెప్పక్కర్లేదు. ముందే తేల్చేస్తే ఆ కళ్ళు కొంచెం చల్లబడతాయి.

డ్యూటీ పడే టీచర్లు, ఉద్యోగులు ఈ వీడియో చూస్తుంటే రెండు ముక్కలు. సెంటర్లో 13ఎ మీద ఆఫీసరు సంతకం, పేరు, హోదా, సీలు పడేదాకా కుర్చీ దగ్గర నుంచి కదలకండి. వెనక క్యూ ఉన్నవాళ్ళు సణుగుతారు, సణగనివ్వండి. బ్యాలెట్ నంబరూ చిన్న కవరు మీద నంబరూ కలిశాయో లేదో మీ కళ్ళతో చూడండి. డిక్లరేషన్‌ని పొరపాటున చిన్న కవర్లో పెట్టకండి, అది పెద్ద కవర్లో బయట ఉండాలి. బ్యాలెట్ మీద ఎక్కడా మీ సంతకం పెట్టకండి. సంతకం అలవాటైన చెయ్యి కదా, లెక్కల మాస్టార్లే పెట్టేస్తారు.

నాన్నకి ఇదంతా చెప్పాను. మొత్తం విని, "అయితే నాది లెక్కలోకి వచ్చిందా?" అన్నారు. కాలిఫోర్నియాలో పోస్ట్‌లో ఓటేసినవాళ్ళకి కవరు అందింది, లెక్కలోకి తీసుకున్నామని ఫోన్‌కి మెసేజ్ వస్తుంది. సంతకం కలవకపోతే పిలిచి సరిచేసుకునే గడువిస్తారు. మన దగ్గర మూడు వందల రూపాయల కొరియర్‌కి ట్రాకింగ్ నంబరుంది, నాన్న ఓటుకి లేదు. రాలేదనీ చెప్పరు, వచ్చిందనీ చెప్పరు. "తెలీదు నాన్నా" అన్నాను. "తెలుసుకునే దారి ఏదైనా ఉందా?" అన్నారు. లేదని చెప్పాను.